తిరుపతి నుంచి రైల్లో రాజధానికి: చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, ఢిల్లీలలో ఎవరికి ఏది అనువు

సెలవులు దగ్గరపడగానే తిరుపతిలోనూ చిత్తూరులోనూ చాలా ఇళ్ళల్లో ఒక చర్చ తప్పదు. పిల్లలకు ఈసారి ఒక పెద్ద ఊరు చూపించాలి, అదీ రైల్లోనే వెళ్ళాలి అన్నంతవరకు అందరిదీ ఒకే మాట. ఏ ఊరు అన్న దగ్గరే ఇంట్లో నలుగురూ నాలుగు వైపులకు లాగుతారు. శ్రీవారి దర్శనానికి వచ్చే యాత్రికుల కోసం అన్ని దిక్కుల నుంచీ బండ్లు మన ఊరికి వస్తున్నాయి గనుక, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు అనే మూడు రాష్ట్ర రాజధానులకూ, దేశ రాజధాని ఢిల్లీకీ తిరుపతి నుంచి బండి మారకుండానే వెళ్ళవచ్చు. ఈ నాలుగింటిలో ఒకదాన్ని తేల్చుకోవడానికి సాధారణంగా కిలోమీటర్లూ టికెట్టు ధరా చూస్తారు. నా దృష్టిలో ఆ రెండూ తరువాతి మాటలు. రైలు దిగిన తరువాత ఊరు చూడటానికి మన చేతిలో ఎన్ని పగళ్ళు మిగులుతాయన్నది ముందుగా వేసుకోవలసిన లెక్క.

మన సొంత రాజధాని అమరావతిని ఎందుకు వదిలేశారని ఎవరైనా అడగవచ్చు. ఆ నగరం ఇంకా కట్టడంలో ఉంది. అటువైపు వెళ్ళేవారు విజయవాడలో దిగి దుర్గమ్మ గుడి, ఉండవల్లి గుహలు, పాత అమరావతిలోని అమరేశ్వరాలయం, స్తూపం చూసుకొని వస్తారు. అది చక్కటి ప్రయాణమే గానీ, మహానగరం చూపించాలన్న కోరిక దానితో తీరదు కాబట్టి ఈ పోలికలోకి తీసుకోలేదు.

## ఊరిని ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

పగటి లెక్క అంటే ఏమిటో ముందు చెబుతాను. సాయంత్రం బండెక్కి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిని పడుకుంటే తెల్లవారేసరికి దించే 600 కిలోమీటర్ల ప్రయాణం మన పగటిని అసలు ముట్టుకోదు. పగటిపూట ఆరేడు గంటలు సాగే 300 కిలోమీటర్ల ప్రయాణమైతే ఒక రోజును సగానికి నరికేస్తుంది. అందుచేత మ్యాపులో దగ్గరగా కనిపించే ఊరు సెలవుల లెక్కలో దూరం కావచ్చు, దూరమనుకున్నది దగ్గర కావచ్చు.

రెండవది వారపు సెలవు. చాలామంది దీన్ని అసలు పట్టించుకోరు. ఒకప్పుడు నేనూ పట్టించుకోలేదు. పండుగ పక్కన కలిసివచ్చిన సెలవుల్లో, మోకాళ్ళ నొప్పులున్న మామగారిని వెంటబెట్టుకొని, ఒక శుక్రవారం ఉదయం పెద్ద మ్యూజియం గేటు ముందు ఆటో దిగాము. గేటుకు తాళం ఉంది. పక్కనే జామకాయలు కోసి ఉప్పూకారం చల్లి అమ్ముతున్న ఆమె, మేమేమీ అడగకముందే, "శుక్రారం సెలవండీ" అంది. రోజుకు ఎంతమందికి ఆ మాట చెబుతుందో గానీ, ఆమె గొంతులో విసుగు మాత్రం లేదు. తప్పు పూర్తిగా మాదే. అప్పటి నుంచి టికెట్టు తీసుకునేముందే ఏ రోజు ఏది మూసి ఉంటుందో కాగితం మీద రాసుకోవడం మా ఇంట్లో అలవాటైంది. ఆ కాగితంలోని ముఖ్యమైన వివరాలు ఇవి.

| ఊరు | వారపు సెలవు | ఆ రోజు చూడలేనివి |
|---|---|---|
| చెన్నై | శుక్రవారం | ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియం, సెయింట్ జార్జి కోటలోని మ్యూజియం |
| చెన్నై | మంగళవారం | వండలూరు జూ |
| బెంగళూరు | సోమవారం | నెహ్రూ ప్లానిటేరియం |
| బెంగళూరు | మంగళవారం | బన్నేరుఘట్ట జూ, సఫారీ |
| హైదరాబాదు | శుక్రవారం | సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ |
| హైదరాబాదు | సోమవారం | నెహ్రూ జూ పార్కు |
| ఢిల్లీ | సోమవారం | ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం |
| ఆగ్రా | శుక్రవారం | తాజ్‌మహల్ |

మూడవది, స్టేషన్ నుంచి చూడవలసిన చోట్లకు మెట్రో ఉందా లేదా అన్నది. ఆటోల బేరాలతోనూ ట్రాఫిక్‌తోనూ పోయే సమయం కూడా పగటి లెక్కలోనిదే. నాలుగవది, మనతో వచ్చేవారిలో అందరికంటే తక్కువ నడవగలిగినవారు ఎవరన్నది. ఎందుకంటే ప్రయాణం మొత్తం వారి నడకను బట్టే సాగుతుంది గానీ మన ఉత్సాహాన్ని బట్టి సాగదు. ఇక కాలం సంగతి ఒక్కో ఊరి దగ్గర చెబుతాను.

## చెన్నై: ఒక్క ఆదివారం చాలు, రెండు రోజులైతే మేలు

తిరుపతి నుంచి రేణిగుంట, పుత్తూరు, అరక్కోణం మీదుగా చెన్నై సెంట్రల్‌కు సుమారు 150 కిలోమీటర్లు. ప్రయాణం మూడు గంటలకు కాస్త పైన. ఉదయాన్నే ఇక్కడ బయలుదేరే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎండ ముదిరేలోపు చెన్నైలో ఉంటారు. చిత్తూరు వాసులు తిరుపతికి వచ్చి ఈ బండి పట్టుకోవలసిన అవసరం లేదు. ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలోని కాట్పాడికి బస్సులో వెళితే, బెంగళూరు నుంచీ కోయంబత్తూరు నుంచీ చెన్నైకి వెళ్ళే బండ్లు రోజంతా దొరుకుతాయి, అక్కడి నుంచి రెండు గంటలే.

మనవాళ్ళకు చెన్నైతో ఒక విచిత్రమైన పరిచయం ఉంది. ఆసుపత్రికనీ, పెళ్ళి చీరలకనీ, విమానమెక్కే పిల్లల్ని సాగనంపడానికనీ ఏటా నాలుగైదు సార్లు వెళ్ళి వస్తాము. వెళ్ళినప్పుడల్లా టీ నగరు, సెంట్రల్ స్టేషన్, మహా అయితే మెరీనా బీచి చూసి చెన్నై చూసేశామనుకుంటాము. పరాయి ఊరి కళ్ళతో ఒక్కసారి చెన్నైని చూడమని నేను ముందుగా సలహా ఇచ్చేది ఇటువంటివారికే.

సెంట్రల్ స్టేషన్ కిందనే మెట్రో ఉంది; అక్కడి నుంచి ఒక్క స్టేషన్ దాటితే ఎగ్మోరు, ఎగ్మోరు నుంచి ఆటోలో కొద్ది దూరంలో 1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం. చోళుల కాలపు నటరాజ విగ్రహాలున్న కాంస్య విభాగానికి ఎక్కువ పేరుంది గానీ, తెలుగువారు ముందుగా వెళ్ళవలసింది అమరావతి శిల్పాల దగ్గరికి. కృష్ణా తీరపు స్తూపానికి చెందిన పలనాటి సున్నపురాయి పలకలు అనేకం ఇక్కడే ఉన్నాయి. వాటిలో గుండ్రటి పలక ఒకదాని మీద నలగిరి అనే మదపుటేనుగు కథ చెక్కారు. ఒకే వలయంలో ఎడమవైపు ఏనుగు మనుషుల్ని తొక్కుతూ, విసిరికొడుతూ వీధిలో పడి వస్తుంటుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వంగి ఉంటుంది. పై అంతస్తు కిటికీల్లోంచి తొంగిచూస్తున్నవారి ముఖాల్లోని బెదురు దగ్గరికి వెళితేనే కనిపిస్తుంది. పిల్లలను ఆ పలక ముందు నిలబెట్టి, ఏనుగులు రెండా ఒకటా అని అడిగి చూడండి.

సెయింట్ జార్జి కోట కథ మన చంద్రగిరి నుంచే మొదలవుతుందని చాలామందికి తెలియదు. చంద్రగిరి రాజధానిగా విజయనగర రాజులు పాలిస్తున్న కాలంలో, వారి సామంతుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి సముద్రపొడ్డున స్థలం ఇచ్చాడు. ఆ స్థలంలోనే కోట లేచింది, కోట చుట్టూ మద్రాసు పెరిగింది. చంద్రగిరి రాజమహలు చూసినవారికి ఈ కోట చూడటంలో ఒక అదనపు రుచి ఉంటుంది. తమిళనాడు సచివాలయమూ శాసనసభా కోటలోనే ఉన్నాయి కాబట్టి తనిఖీలు ఉంటాయి, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి.

మ్యూజియం, కోట అయ్యాక పార్క్ టౌన్ నుంచి బీచి వెంబడి పోయే లోకల్ రైలెక్కితే తిరువల్లిక్కేణిలో పార్థసారథి ఆలయం, ఇంకా ముందుకు వెళితే మైలాపూరులో కపాలీశ్వరాలయం దగ్గర దిగవచ్చు. కానీ తిరుపతికి తిరుగు బండి చీకటి పడకముందే ఉంటుంది కాబట్టి, ఒక్క రోజులో ఇవన్నీ కుక్కితే గుళ్ళు తెరిచే వేళకు మనం స్టేషన్‌కు పరుగెత్తవలసి వస్తుంది. ఒక రాత్రి ఉండగలిగితే ఆ సాయంత్రం మైలాపూరుకు, మర్నాడు మహాబలిపురానికి ఇవ్వవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఏప్రిల్, మే నెలల్లో చెమటతో ఊపిరాడని ఉక్క. సంక్రాంతి దాటిన తరువాత ఫిబ్రవరి చివరి వరకు చెన్నైకి మంచి కాలం.

## బెంగళూరు: ఎండకు పారిపోయేవారికి

సూటిగా చెప్పాలంటే, తిరుపతి నుంచి బెంగళూరుకు రైలు కంటే బస్సు చురుకైనది. రోడ్డు 250 కిలోమీటర్ల లోపే. రైలు పాకాల, చిత్తూరు, కాట్పాడి, జోలార్‌పేట, కుప్పం, బంగారపేట అంటూ చుట్టూ తిరిగి ఆరేడు గంటలు తీసుకుంటుంది. రాత్రి బండి ఎక్కినా, నిద్ర సగంలో ఉండగానే దిగవలసిన దూరం ఇది. అందువల్ల రైలే కావాలనుకునే తిరుపతి కుటుంబానికి నేను బెంగళూరును ముందు వరుసలో పెట్టను. చిత్తూరు వారి సంగతి వేరు. వారు కాట్పాడికి వెళితే బృందావన్, లాల్‌బాగ్ వంటి పగటి బండ్లు, 2022 నవంబరులో దక్షిణాదికి మొదటిదిగా వచ్చిన చెన్నై-మైసూరు వందే భారత్ ఉన్నాయి. కుప్పం వారికైతే బెంగళూరు పొరుగూరే.

ఈ ఊరికి రెండు బలాలున్నాయి. ఒకటి వాతావరణం: మే నెలలో తిరుపతి వీధుల్లో కాలు పెట్టలేని రోజుల్లో కూడా అక్కడ సాయంత్రానికి చల్లగాలి తగులుతుంది. రెండవది, చూడవలసిన చోట్లు చాలావరకు మెట్రో దారిలోనే ఉండటం. మెజెస్టిక్ ప్రధాన స్టేషన్‌కు ఆనుకొని ఉన్న మెట్రోలో ఒక దిక్కుకు వెళితే విధాన సౌధ, కబ్బన్ పార్కు. ఇంకో దిక్కుకు వెళితే లాల్‌బాగ్. హైదరలీ 1760లో మొదలుపెట్టిన లాల్‌బాగ్ నేడు 240 ఎకరాల తోట. అందులోని గాజు మేడ 1889 నాటిది. జనవరి, ఆగస్టు నెలల్లో అక్కడ పూల ప్రదర్శన జరుగుతుంది, చూడదగినదే గానీ జనం విపరీతం. పదేళ్ళ పైబడిన పిల్లలుంటే కబ్బన్ పార్కు పక్కనున్న విశ్వేశ్వరయ్య సాంకేతిక మ్యూజియంలో ఒక పూట ఇట్టే గడిచిపోతుంది.

ఒక జాగ్రత్త. కొన్ని బండ్లు మెజెస్టిక్ దాకా వెళ్ళకుండా బయ్యప్పనహళ్ళి వైపున్న విశ్వేశ్వరయ్య టెర్మినల్‌లోనే ఆగిపోతాయి. టికెట్టు తీసుకునేటప్పుడు దిగే స్టేషన్ పేరు చూసుకోకపోతే, తీరా దిగాక ఊరి మధ్యకు చేరడానికే గంట పడుతుంది.

## హైదరాబాదు: రాత్రి బండి చేసే మేలు

మన ప్రాంతం నుంచి రైలు యాత్రకు హైదరాబాదు అంత చక్కగా అమరే రాజధాని మరొకటి లేదని నా అభిప్రాయం. కారణం రాత్రి బండ్లే. గుంటూరు, నల్గొండ మీదుగా నారాయణాద్రి, విజయవాడ, వరంగల్ మీదుగా పద్మావతి, కడప, కర్నూలు మీదుగా వెంకటాద్రి సాయంత్రం వేళ బయలుదేరి తెల్లవారేసరికి దించుతాయి. వీటిలో వెంకటాద్రి చిత్తూరులోనే మొదలవుతుంది కాబట్టి చిత్తూరు వారు తీరికగా సామాన్లు సర్దుకొని ఎక్కవచ్చు. అది కాచిగూడకు చేరుతుంది, పాతబస్తీకి కాచిగూడే దగ్గర. మెట్రో కావాలంటే సికింద్రాబాదులో దిగడం మేలు.

2023 ఏప్రిల్‌లో వందే భారత్ వచ్చిన తరువాత చాలామంది దానివైపే చూస్తున్నారు. బండి శుభ్రంగా, వేగంగా ఉంటుందన్న మాట నిజమే. కానీ దాని వేళలు సికింద్రాబాదు నుంచి కొండకు వచ్చేవారికి కుదిరినట్టు మనకు కుదరవు: అక్కడ ఉదయాన్నే బయలుదేరి మధ్యాహ్నానికి తిరుపతి చేరే బండి, మన దగ్గర మధ్యాహ్నం ఎక్కించుకొని అర్ధరాత్రి కావస్తుండగా సికింద్రాబాదులో దించుతుంది. అంటే ఒక పగలు కుర్చీలో కూర్చొని గడిపి, ఆపైన ఆ రాత్రికి లాడ్జి అద్దె కూడా కట్టాలి. ఎనిమిది గంటలు కూర్చోలేని పెద్దవారుంటే అది ఇంకా కష్టం. తిరుగు ప్రయాణంలో మాత్రం అది బాగుంటుంది. ఉదయం ఎక్కి, నల్గొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు చూసుకుంటూ మధ్యాహ్నం రెండు మూడు గంటలకు ఇంటికి చేరవచ్చు. వెళ్ళేటప్పుడు నారాయణాద్రి, వచ్చేటప్పుడు వందే భారత్ అన్నది నేను చాలామందికి చెప్పే జోడీ.

శనివారం ఉదయం దిగితే రెండు నిండు పగళ్ళు. మొదటి రోజు పాతబస్తీకి ఇవ్వాలి. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన చార్మినార్, దాని పక్కనే మక్కా మసీదు, లాడ్ బజారు, నడక దూరంలో చౌమహల్లా, ఆ తరువాత సాలార్‌జంగ్ మ్యూజియం. మెట్రో చార్మినార్ దాకా పోదు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. సాలార్‌జంగ్‌లో ముసుగు కప్పుకున్న రెబెకా పాలరాతి బొమ్మ ఎలాగూ చూస్తారు. ఆ పాత గడియారాన్ని మాత్రం వేళ చూసుకొని చేరాలి: గంట కాబోతుండగా హాలులో బల్లల మీద జనం చేరి కూర్చుంటారు, చిన్న తలుపు తెరుచుకొని వేలెడంత మనిషి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. మధ్యాహ్నం పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు, అందుకే అప్పుడే రద్దీ ఎక్కువ. చిన్నపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టాలంటే పావుగంట ముందే వెళ్ళాలి.

రెండవ రోజు ఉదయం గోల్కొండ. పై దాకా మూడు వందలకు పైగా మెట్లున్నాయి. మోకాళ్ళు సహకరించనివారిని ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టే పని మీద కింద కూర్చోబెట్టి, ఆ చప్పుడు పైన వినబడుతుందో లేదో చూసే పని పిల్లలకు అప్పగిస్తే ఇద్దరికీ తోస్తుంది. సాయంత్రం హుస్సేన్‌సాగర్, అక్కడి ఏకశిలా బుద్ధ విగ్రహం 1990లో పడవ నుంచి నీళ్ళలో జారిపోయి, 1992లో పైకి తీసి నిలబెట్టినది. నౌబత్ పహాడ్ మీద తెల్లటి పాలరాతితో కట్టిన బిర్లా మందిరంలో ఉన్నది కూడా వేంకటేశ్వర స్వామే. తిరుపతి వాళ్ళమై ఉండి అక్కడా ఆయన దగ్గరికేనా అని మా ఇంట్లో పిల్లలు నవ్వారు గానీ, ఆ గుట్ట మీద నుంచి దీపాలు వెలిగిన ఊరిని చూశాక ఎవరూ కిందికి దిగుదామనలేదు.

భాష తెలిసిన ఊరు కావడం పెద్దవారికి కొండంత అండ. ఆటో బేరం దగ్గర నుంచి మందుల దుకాణం దాకా వారు సొంతంగా మాట్లాడుకోగలరు. ఊరి వెలుపలి ఫిల్మ్ సిటీ ఒక పూర్తి రోజును మింగేస్తుంది కనుక, రెండు రోజుల యాత్రలో దాన్ని కలపకపోవడమే మంచిది. కలిపితే గోల్కొండను వదులుకోవాలి.

## ఢిల్లీ: వారం రోజులుంటేనే

తిరుపతి నుంచి ఢిల్లీకి సుమారు 2,300 కిలోమీటర్లు. త్రివేండ్రం నుంచి వచ్చే కేరళ ఎక్స్‌ప్రెస్ రోజూ చిత్తూరులోనూ తిరుపతిలోనూ ఆగి న్యూఢిల్లీకి వెళుతుంది. తిరుపతిలోనే మొదలయ్యే ఏపీ సంపర్క్ క్రాంతి వారానికి మూడు రోజులు కడప, కర్నూలు, కాచిగూడ మీదుగా హజ్రత్ నిజాముద్దీన్‌కు వెళుతుంది. రోజూ ఉండటం మొదటిదానికి బలం. మన ఊళ్ళోనే మొదలు కావడం, అంటే సామాను పెట్టుకోవడానికి కావలసినంత సమయం దొరకడం రెండవదానికి బలం. పెద్దవారూ పెట్టెలూ ఎక్కువగా ఉంటే నేను రెండవదానివైపే మొగ్గుతాను.

కేరళ ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నానికి కృష్ణ, ఆ తరువాత గోదావరి దాటి, మర్నాడు ఉదయం ఝాన్సీ, గ్వాలియర్ వైపు కళ్ళు తెరుస్తారు. ధోల్‌పూర్ దగ్గర బండి చంబల్ దాటేటప్పుడు ఇరువైపులా వాన కోసిన మట్టి లోయలు కనిపిస్తాయి; ఒకప్పుడు బందిపోట్లు దాక్కున్న లోయలు ఇవేనని చెబితే ఫోన్లలో తలలు దూర్చిన పిల్లలు కూడా కిటికీకి అతుక్కుపోతారు. అంత దూరం స్లీపర్‌లో వెళ్ళవచ్చా అంటే, ఫిబ్రవరిలో వయసులో ఉన్నవారు హాయిగా వెళ్ళవచ్చు. మే నెలలో నాగపూరు చుట్టుపక్కల వడగాలికీ, జనవరిలో భోపాల్ దాటాక కిటికీ సందుల్లోంచి వచ్చే చలికీ పెద్దవారు తట్టుకోలేరు. వారికి మూడవ తరగతి ఏసీ ఖర్చు తప్పదు.

ఢిల్లీకి కాలం సరిగ్గా చూసుకోవాలి. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు వల్ల బండ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, దాంతో పగటి లెక్క అంతా తారుమారవుతుంది. నవంబరులో గాలి కాలుష్యం, మే-జూన్‌లలో నలభై డిగ్రీలు దాటిన ఎండ. ఫిబ్రవరి, మార్చి నెలలు, అక్టోబరు మొదటి సగం మాత్రమే నిశ్చింతగా తిరగగలిగిన రోజులు. దసరా సెలవులు ఈ లెక్కకు చక్కగా సరిపోతాయి. సంక్రాంతి సెలవులు సరిపోవు.

బయలుదేరే రోజుగా సోమవారాన్ని సూచిస్తాను. ఎర్రకోటా అక్షరధామ్ మూసి ఉండే ఆ రోజు రైల్లోనే గడిచిపోతుంది. మంగళవారం మధ్యాహ్నం దిగి, ఆ సాయంత్రం అలసట తీర్చుకుంటూ ఇండియా గేటు, దాని దగ్గరున్న జాతీయ యుద్ధ స్మారకం చూడవచ్చు. బుధవారం ఎర్రకోట, చాందినీ చౌక్. గురువారం ఆగ్రా; శుక్రవారం తాజ్‌మహల్‌కు సెలవు, శని, ఆదివారాలు విపరీతమైన రద్దీ. నిజాముద్దీన్ నుంచి ఆగ్రాకు వెళ్ళే గతిమాన్ ఎక్స్‌ప్రెస్‌లో ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. శుక్రవారం కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి. శనివారం లోటస్ టెంపుల్, అక్షరధామ్ చూసుకొని ఆ రాత్రో మర్నాడో తిరుగు బండి.

ఈ నాలుగు ఊళ్ళలో మెట్రో అన్నిటికంటే అక్కరకొచ్చేది ఇక్కడే. న్యూఢిల్లీ స్టేషన్‌కు ఆనుకొని ఉన్న పసుపు గీత మెట్రో మీదనే చాందినీ చౌక్, కుతుబ్ మినార్ స్టేషన్లున్నాయి. ఎర్రకోటకూ అక్షరధామ్‌కూ వాటి పేర్లతోనే స్టేషన్లున్నాయి. అక్షరధామ్ లోపలికి ఫోన్లు అనుమతించరు, బయటే అప్పగించాలి. కాబట్టి లోపల ఒకరినొకరు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకొని వెళ్ళాలి. ఫోన్‌కు అలవాటుపడిన మనం ఈ చిన్న విషయాన్ని మరిచిపోతాము. మూడు రోజులు రొట్టెలు తిన్న తరువాత అన్నం మీదికి మనసు పోయినవారికి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ భోజనం ఉండనే ఉంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| అంశం | చెన్నై | బెంగళూరు | హైదరాబాదు | ఢిల్లీ |
|---|---|---|---|---|
| ఒకవైపు ప్రయాణం | 3 గంటలకు కాస్త పైన | 6-7 గంటలు | ఒక రాత్రి | ఒకటిన్నర రోజు వరకు |
| కనీసం కావలసిన సెలవు | 1 రోజు | 2 రోజులు | 2 పగళ్ళు, 2 రాత్రులు | 7 రోజులు |
| మంచి కాలం | జనవరి-ఫిబ్రవరి | ఎప్పుడైనా, వేసవిలో మరీ | నవంబరు-ఫిబ్రవరి | ఫిబ్రవరి-మార్చి, అక్టోబరు |
| పెద్దవారికి | నడక తక్కువ, ఉక్క ఎక్కువ | హాయి | భాష అండ, గోల్కొండ మెట్లు కష్టం | నడక చాలా ఎక్కువ |

ఎనభై దాటిన అమ్మమ్మా, మూడేళ్ళ మనవడూ ఒకే యాత్రలో ఉంటే ఢిల్లీ మాట పక్కన పెట్టండి. హైదరాబాదులో రెండు రోజులూ, మధ్యాహ్నం గదికి వచ్చి విశ్రాంతీ సరిపోతాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లలున్నవారు మాత్రం ఒక వారం సెలవు ఎలాగైనా కూడగట్టుకొని ఢిల్లీకే వెళ్ళాలంటాను, ఎందుకంటే పుస్తకంలో చదివిన కోటలను చూడాలన్న ఆసక్తి ఆ వయసులో ఉన్నంతగా తరువాత ఉండదు. దుకాణం మూయడానికి వీల్లేక ఒక్క ఆదివారం మాత్రమే దొరికే వ్యాపారస్తులకు చెన్నై తప్ప వేరే దారి లేదు, అందులో చిన్నబుచ్చుకోవలసిందీ లేదు. కొత్తగా పెళ్ళయినవారికి నా సలహా అక్కరలేదు.

## టికెట్ల దగ్గర

ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులైంది. మన ఊరి బండ్లకు ఒక ప్రత్యేకత ఉంది: యాత్రికులు శుక్రవారం రాత్రి బయలుదేరి వచ్చి, దర్శనం చేసుకొని ఆదివారం సాయంత్రం తిరిగి వెళతారు. మనం శుక్రవారం రాత్రి వెళ్ళి ఆదివారం రాత్రి వస్తే వారికి ఎదురు దిశలో ప్రయాణిస్తాము కాబట్టి బెర్తులు దొరికే అవకాశం ఎక్కువ. ఆదివారం సాయంత్రం తిరుపతి నుంచి హైదరాబాదుకు బయలుదేరుదామనుకుంటే మాత్రం వెయిటింగ్ లిస్టు చూసి దిమ్మతిరుగుతుంది. బ్రహ్మోత్సవాలకూ వైకుంఠ ఏకాదశికీ ఈ లెక్కలేవీ పనిచేయవు.

వృద్ధులకిచ్చే చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. కింది బెర్తు కోటా మాత్రం ఉంది, పురుషులకు 60 ఏళ్ళు, స్త్రీలకు 45 ఏళ్ళు దాటితే వర్తిస్తుంది. అయిదేళ్ళు నిండి పన్నెండేళ్ళు నిండని పిల్లలకు బెర్తు అడిగితే పూర్తి చార్జీ, అడగకపోతే సగం. ఢిల్లీ దూరానికి సగం చార్జీతో సరిపెట్టుకుందామనుకునేవారు, రాత్రి పదేళ్ళ పిల్లవాడితో ఒకే బెర్తులో పడుకోవలసి వస్తుందని గుర్తుంచుకోవాలి.

చిత్తూరులో తెల్లవారుజామున కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారు తేదీ దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఆదివారం రాత్రి ఇంట్లో భోజనం చేసి స్టేషన్‌కు వెళతాము గనుక చాలామంది ఆదివారం తేదీకే టికెట్టు తీసుకుంటారు. బండి చిత్తూరుకు వచ్చేటప్పటికి తేదీ మారి సోమవారమైపోతుంది, వారి టికెట్టు బండి ముందురోజు తెల్లవారుజామునే వెళ్ళిపోయి ఉంటుంది. బండి త్రివేండ్రంలో ఆదివారం బయలుదేరుతుంది కాబట్టి అరవై రోజుల గడువును ఆదివారం నుంచి లెక్కపెట్టాలి, టికెట్టు మీద మాత్రం సోమవారం తేదీ ఉండాలి.